మిల్లు కూతకు వచ్చే గుర్రం

పోర్ట్‌బ్లెయిర్‌లో ఒకప్పుడు గుర్రప్పందేలు జరిగేవంటే మా ఇంటి పిల్లలు నమ్మరు. ఈ మధ్య ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఆ సంగతి ఎత్తి, ఇరవై గుర్రాలు పరిగెత్తేవని చెప్పాడు. ఇరవై లేవు. ఎక్కువ పరిగెత్తిన ఏడాది ఏడు. అవి కూడా పెద్ద గుర్రాలు కావు, పొట్టి తట్టువులు. యుద్ధానికి ముందు ఒక కొబ్బరితోట యజమాని బండ్లు లాగడానికి బర్మా నుంచి తెప్పించినవాటి సంతతి. అదే పెద్దాయన ఇంకో మాట అన్నాడు: పందెంలో ఒక గుర్రం మనిషిని పొట్టన పెట్టుకుంటే దాన్ని కాల్చేశారట. అదీ తప్పే. కాల్చలేదు. ఎందుకు కాల్చలేదో, వదిలేశాక ఏం జరిగిందో చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

స్వతంత్రం వచ్చిన కొత్తల్లో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకని వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన కుటుంబాల్లో మా అత్తవారిది ఒకటి. నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. మా నాన్న అక్కడ ఖలాసీ. పెళ్ళయి ఓడ దిగేనాటికి నాకు హిందీ బాగా వచ్చు, చదవడం రాయడం వచ్చు. రేవులో మావాళ్ళకి అప్పటికి రెండూ రావు. నన్ను ఏరికోరి కోడలిగా తెచ్చుకోవడానికి అదే కారణమని మామ నా ముందే చెప్పేవాడు.

చేపలు దిగేది జంగ్లీఘాట్ రేవులో, అమ్ముడుపోయేది అబర్దీన్ బజార్లో. మధ్యలో ఎత్తు రోడ్డు. గంపలు నెత్తిన పెట్టుకుని ఆ ఎత్తు ఎక్కేసరికి ఆడవాళ్ళ మెడలు పడిపోయేవి, చేపలు ఎండకి మెత్తబడేవి. తోట యజమాని దీవి వదిలిపోతూ తట్టువుల్ని అమ్మకానికి పెడితే మావాళ్ళు కొన్నది అందుకే.

గుర్రం సంగతి వాళ్ళకి తెలీదు. తెలిసింది పడవ. కాబట్టి గుర్రాన్నీ పడవలాగే చూసుకున్నారు. పడవ చెక్కకి పూసే సొరచేప నూనె దాని గిట్టలకి పూసేవాళ్ళు. కొత్త పడవని నీళ్ళలోకి తోసేటప్పుడు చేసినట్టే, మొదటిసారి బండి కట్టే రోజున నుదుట పసుపు రాసి ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. పందెం రోజున మావి వరసలో నిలబడితే ఆ నూనె వాసనకి జనం ముక్కులు మూసుకునేవాళ్ళు.

పరుగు నేర్పింది మాత్రం మావాళ్ళు కాదు. పటాలంలో కంచరగాడిదల దగ్గర పనిచేసి వచ్చి దీవిలో ఉండిపోయిన ఒకాయన ఉండేవాడు. అందరూ ఫౌజీ భయ్యా అనేవాళ్ళం. రేవులో తిరిగి తిరిగి తెలుగు పట్టుకున్నాడు. "మీ జాతికి గుర్రం ఇస్తే దానికి చుక్కాని ఎక్కడుందని వెతుకుతారు" అని వెక్కిరిస్తూనే, పొద్దున్నే ఒక్కొక్క గుర్రాన్నీ తిప్పి, పందేనికి తయారు చేసేవాడు.

పందెం ఏడాదికొకటి, రిపబ్లిక్ డే ఆటల్లో, సముద్రం పక్కన మైదానంలో. నడిపించేది ఆటల కమిటీ. ఒక సాబ్, ఆయన చుట్టూ నలుగురు. మామ గుర్రాలవాళ్ళకి పెద్ద అయింది నేను వచ్చిన తొలి ఏడాది ఆటల్లోనే. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. అప్పటిదాకా గుర్రాల్ని వరస కదపొద్దన్నారు. ఎండ మండిపోతోంది. ఎవరూ నోరెత్తలేదు. మామ తన గుర్రం కళ్ళెం పట్టుకుని నన్ను పిలిచాడు.

"సాబుకి సెప్పు కోడలా. దొరగారొచ్చీదాకా మనం ఆగుతాం. దాహం ఆగదు."

నేను చెప్పాను. సాబ్ ససేమిరా అన్నాడు. మామ ఆ మాట పూర్తిగా వినకుండానే గుర్రాన్ని తిప్పుకుని కొళాయి వైపు నడిచాడు. వెనకాల ఒకటి, దాని వెనకాల ఇంకొకటి, చివరికి అన్నీ వెళ్ళాయి. అతిథి వచ్చేసరికి మైదానం ఖాళీ. ఆ మర్నాటి నుంచి గుర్రం కొన్నవాళ్ళయినా, నేర్పేవాళ్ళయినా, ఎక్కేవాళ్ళయినా ఏ పేచీ వచ్చినా మా గుమ్మం ముందుకు వచ్చేవాళ్ళు. ఆయన్ని అందరూ ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. మామ గుర్రం ముసలి ఆడగుర్రం. అది ఒక్కసారి కూడా గెలవలేదు, గెలుస్తుందని ఎవరికీ భయం లేదు. "నీ గుర్రం ఆఖర్న వొస్తాది గనకే నువ్వు పెద్దవయినావు" అని అత్త దెప్పేది.

మాట ఆయనది, నోరు నాది. కమిటీ దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా ఆయన ముందు, నేను ఒక అడుగు వెనక. ఆయన తెలుగులో చెప్పేవాడు, నేను హిందీలో చెప్పేదాన్ని. ఒక మాట చేర్చలేదు, ఒక మాట తీయలేదు.

గెలిచే గుర్రం మా వీధి చివర ఉండే ఒక ఆవిడది. భర్త పోయిన మనిషి. చేపల బండి తోలుకుని బతికేది. వరసకి నాకు పిన్ని. ఆ గుర్రం గోధుమరంగుది, నుదుట తెల్ల చుక్క. పందెంలో దాన్ని ఎక్కేది మా మరిది. మా ఆయన చాతంలో కలప కోసే మిల్లులో పనిచేసేవాడు, మరిది మామతో వేటకి వెళ్ళేవాడు. మధ్యాహ్నం చాతం మిల్లు కూత కూసే వేళకి వేట నుంచి వచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే పిన్ని బండి బజారు నుంచి తిరిగొచ్చేది. గుర్రం మా కంచె దగ్గర ఆగిపోయేది. పిన్ని అదిలించినా కదిలేది కాదు. మరిది లేచి తన కంచంలోంచి పిడికెడు అన్నం తీసుకెళ్ళి పెడితేనే ముందుకు నడిచేది.

"నీకంటే ముందు దానికి పెడతన్నావు. దాన్నే పెళ్ళి సేసుకోరా" అనేది అత్త.

"అదొప్పుకోవాలి గదే అమ్మా" అనేవాడు.

తరవాత ఒక ఏడాది వానలు జాస్తిగా పడ్డాయి. మైదానంలో సముద్రం వైపు మలుపు దగ్గర నీళ్ళు కోసేసి ఒక గండి పడింది. ఫౌజీ భయ్యా చూసి వచ్చి, గుర్రం కాలు అందులో పడితే విరుగుతుందని చెప్పాడు. నవంబర్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి మేం కమిటీ దగ్గరికి వెళ్ళాం. గండి పూడ్చి పైన ఇసుక పోయించమని మామ అడిగాడు. రెండుసార్లూ సాబ్, "హో జాయేగా" అన్నాడు. అయిపోతుందన్నమాట. పందెం పొద్దున వెళ్ళి చూస్తే గండి గండిలాగే ఉంది. దాని అంచున సున్నంతో తెల్లగా ఒక గీత గీశారు, అటు పోవద్దని. గుర్రాలకి గీతలు తెలియవు.

మామ ఆ గీత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆయన వద్దంటే ఒక్క గుర్రం కూడా కదలదని అక్కడున్న అందరికీ తెలుసు. జనం అప్పటికే నిండిపోయారు. మిల్లువాళ్ళు, కుటుంబాలు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు. మా మరిది గుర్రం మీద నుంచే నవ్వాడు.

"ఏటి నాన్నా, గీత సూసి బయపడతన్నావా? నేను లోపలగుండా తిప్పేస్తాను."

మామ పక్కకి తప్పుకున్నాడు.

మరిది లోపలి నుంచే తిప్పాడు. అతని పక్క గుర్రం బయటికి నెట్టింది. చుక్క గుర్రం ముందు కాళ్ళు గండి అంచున జారాయి. అది మోకాళ్ళ మీద పడి లేచింది. మరిది గండిలో ఉన్న రాతి మీద పడ్డాడు. నేను వెళ్ళేసరికి మామ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. గుర్రం పారిపోలేదు. పక్కనే నిలబడి రొప్పుతోంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం గానీ, తీసుకెళ్ళింది ఊపిరి లేని మనిషినే.

పెద్దకర్మ కాకముందే కమిటీ నుంచి పిలుపు వచ్చింది. మా ఆయన వెళ్ళొద్దన్నాడు. మామ తలకి గుడ్డ చుట్టుకుని బయలుదేరాడు. వెనకాల ఒక అడుగు దూరంలో నేను. ఫౌజీ భయ్యా, పిన్ని కూడా వచ్చారు.

సాబ్ కుర్చీ వేయించాడు. సంతాపం చెప్పాడు. తరవాత, "జాన్‌వర్ ఖతర్‌నాక్ హై. గోలీ మార్‌నీ పడేగీ" అన్నాడు. ప్రమాదకరమైన జంతువు, కాల్చేయాలి. మనిషిని చంపిన గుర్రాన్ని జనం మధ్య తిరగనివ్వకూడదట. పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడకి ఆ మాత్రం హిందీ తెలుసు.

నేను ఆ మాటలు మామకి చెప్పాను. ఆయన కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు.

"సాబుకి సెప్పు కోడలా. గండి పూడ్సమని రెండు సార్లు అడిగినాను. పూడ్సలేదు. పూడ్సలేదని కళ్ళతో సూసి కూడా పందెం ఆపలేదు నేను. గుర్రానికి ఈ రెండూ తెలీవు. కాల్సాలంటే వరస ప్రకారం కాల్సమను. ముందు గండిని. తరవాత నన్ను. గుర్రం వొంతు ఆఖర్న."

నేను హిందీలో చెప్పాను. "మామ" అనాల్సిన చోట "మైఁ" అనే, అంటే నేను అనే, అన్నాను. ఎప్పుడూ అలాగే చెప్పేదాన్ని, ఆయన మాట్లాడినట్టే. ఆ రోజు మాత్రం నన్ను కాల్చమని నా నోటితో చెప్పేసరికి గదిలో అందరూ నా వైపు చూశారు.

సాబ్ పక్కనున్న నలుగురితో గుసగుసలాడాడు. ఆఖరికి గుర్రాన్ని వదిలేశాడు. మామ అంతటితో కదలలేదు. ఇక మీద పందేనికి ముందు గుర్రాల యజమానులూ నేర్పేవాళ్ళూ కమిటీతో కలిసి మైదానం అంతా నడిచి చూడాలి, వాళ్ళలో ఒక్కరు కాదన్నా పందెం ఉండకూడదు అన్నాడు. దానికీ ఒప్పించుకున్నాడు. దీవిలో గుర్రాలున్నన్నాళ్ళూ ఆ పద్ధతి నడిచింది.

బయటికి వచ్చాక పిన్ని మామ కాళ్ళ మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగి, "నీకోసం కాదు" అన్నాడు.

గుర్రం బతికింది. కానీ పని అక్కడితో అవలేదు.

జంగ్లీఘాట్ రేవులో ఒక మూలన ఒక పడవ ఒరిగి పడి ఉండేది. అందులో వేటకెళ్ళిన ఒకతను గాలివానలో పోయాడు. మనిషి పోయిన పడవని మా రేవులో మళ్ళీ నీళ్ళలోకి దించరు. అమ్మరు, పగలగొట్టరు, పొయ్యిలోకి ఒక చెక్క కూడా తీయరు. ఒడ్డుకి లాగి వదిలేస్తారు. అది దానంతటదే చీకిపోవాలి. ఇది అక్కడెక్కడో తీరం నుంచి మోసుకొచ్చిన ఆచారం. కొబ్బరికాయ, సొర నూనె ఎలా పడవ నుంచి గుర్రానికి వచ్చాయో, ఇదీ అలాగే వచ్చింది. రేవు పెద్దలు చెప్పేశారు: చుక్క గుర్రాన్ని ఎవరూ కట్టకూడదు, ఎక్కకూడదు, మేపకూడదు.

"అది పడవేటన్నా?" అని పిన్ని ఇల్లిల్లూ తిరిగి ఏడ్చింది. "పడవ గడ్డడగదు. ఇది నా మొకం సూస్తది."

పిన్ని బండి తిరగేసి పెట్టింది. మళ్ళీ గంప నెత్తికెత్తుకుంది. నడి వయసు దాటిన మనిషి, ఆ ఎత్తు రోడ్డు మీద ఆగి ఆగి వెళ్ళడం నేను చూసేదాన్ని. ఆచారం తప్పితే ఆవిడకి చేపలు మా రేవువాళ్ళు ఇవ్వరు. తప్పకపోతే ఆ మెడ ఎన్నాళ్ళో ఆగదు.

గుర్రాన్ని పలుపు విప్పి వదిలేశారు. అది ఎటూ పోలేదు. రోజూ మధ్యాహ్నం చాతం మిల్లు కూత కూయగానే వీధి చివర డెక్కల చప్పుడు మొదలయ్యేది. నెమ్మదిగా దగ్గరికొచ్చి మా కంచె దగ్గర ఆగేది. అక్కడ నిలబడి లోపలికి చూసేది.

ఆ చప్పుడు వింటే అత్తకి ఏమయ్యేదో మొదట్లో నాకు అర్థం కాలేదు. తలుపు మూసేసేది. రాయి విసిరేది. ఒకసారి వేడి గంజి కుండ ఎత్తితే నేను చెయ్యి పట్టుకున్నాను. తరవాత ఒక రోజు చూశాను. కూత కూసింది, డెక్కలు వినబడ్డాయి. అత్త పొయ్యి దగ్గర నుంచి చప్పున లేచి, మూలనున్న కంచం తీసింది. మరిది కంచం. తీసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. గుర్రం వచ్చిందంటే వాడు ఇంట్లో ఉన్నట్టు. అంత చిన్న క్షణం ఆవిడ రోజూ మర్చిపోయేది, రోజూ మళ్ళీ తెలుసుకునేది. గుర్రాన్ని ద్వేషించింది అందుకు.

నాకూ అలవాటైపోయింది. కూత కూశాక చేస్తున్న పని ఆగిపోయేది. మా ఆయన ఇంట్లో ఉన్న ఆదివారాల్లో, మిల్లు మూసి ఉంటే, కూతా ఉండేది కాదు, గుర్రమూ వచ్చేది కాదు. అయినా ఆ వేళకి ముగ్గురం తలెత్తేవాళ్ళం.

మార్చిలో ఫౌజీ భయ్యా మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి అరిచాడు. గుర్రం మోకాలి పుండు మానలేదు, డొక్కలు లెక్కపెట్టొచ్చు, తను మేత పెడితే మావాళ్ళు తనని రేవులోకి రానివ్వమంటున్నారని.

"సాబ్ ముందర షేర్. బస్తీలో బిల్లీ. ఇదేనా పెద్దరికం?" అన్నాడు మామని. సాబు దగ్గర పులి, పేటలో పిల్లి.

మామకి కోపం రాలేదు. ఆయన అప్పటికే ఒక సంగతి ఆలోచిస్తున్నాడని ఆ సాయంత్రం తెలిసింది. రేవు పెద్దల్ని, గుర్రాలవాళ్ళని ఇంటి ముందు కూర్చోబెట్టాడు. ఆచారానికి ఒక మినహాయింపు ఉందని గుర్తుచేశాడు. పోయినవాడి రక్తసంబంధం ఎవరైనా మొదట ఎక్కి కూర్చుంటే ఆ పడవ మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళొచ్చు. అందరికీ తెలిసిందే. ఎవరూ ఎప్పుడూ చేయలేదు. కన్నవాళ్ళో తోబుట్టువులో ఎక్కాలి, ఎవరు ఎక్కుతారు?

"ఉంది," అన్నాడు ఒక ముసలాయన. "నువ్వెక్కుతావేటి?"

మామ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన, "నన్నడక్కు నాన్నా" అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు కూత వేళకి గుర్రం వచ్చింది. జనం కంచె చుట్టూ చేరారు. మామ స్నానం చేసి తడిబట్టతో బయటికొచ్చాడు. గుర్రం జూలు పట్టుకున్నాడు. పొట్టి జంతువు, ఆయన లాంటి మనిషికి ఎక్కడం పెద్ద పని కాదు. ఒక కాలు ఎత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తలేదు. జూలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చాలాసేపయ్యాక ఆయన చెయ్యి వదిలి, ఎవరినీ చూడకుండా రేవు వైపు నడిచి వెళ్ళాడు. కమిటీ ముందు నిలబడ్డ మనిషిని అలా చూడడం నాకు కష్టమైంది. అత్త తలుపు సందులోంచి అంతా చూసింది. ఆ రాత్రి ఆయన ముందు కంచం పెట్టి, రోజూ దెప్పే మనిషి, దెప్పకుండా పక్కన కూర్చుంది.

మే నెల చివర వాన పట్టింది. గుర్రం కుంటుతూనే వచ్చేది. తడిసి నిలబడేది. ఎముకల గూడు మీద చర్మం కప్పినట్టుండేది.

ఒక గురువారం కూత కూసింది. నేను చేపలు తోముతున్నాను. చెయ్యి ఆపాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్త పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది.

"కూత కూసిందా?"

"కూసింది అత్తా."

"నువ్వు ఇన్నావా?"

"విన్నాను."

ఇంకాసేపు ఆగింది. పొయ్యిలో కర్ర సర్దింది. సర్దిన కర్రనే మళ్ళీ సర్దింది.

"మరి?" అంది.

ఆవిడ లేచి తలుపు తీసింది. గుర్రం కోసమని ఆవిడ ఆ తలుపు తెరవడం అదే మొదలు. వీధి ఖాళీగా ఉంది. గుమ్మంలో కూర్చుని వీధి చివర వైపు చూస్తూ ఉండిపోయింది. వంట చల్లారింది. మా ఆయన తిండికొచ్చి, ఆవిణ్ణి చూసి, తనే వడ్డించుకుని తిని వెళ్ళాడు. పొద్దు వాలుతుండగా నెత్తిన గోనె కప్పుకుని, "రా" అని నన్ను పిలిచింది.

రేవులో వెతికాం. ఒరిగి పడి ఉన్న ఆ పాత పడవ చాటున, వాన తగలని వైపు, గుర్రం పడుకుని ఉంది. అక్కడికి మావాళ్ళెవరూ అడుగు పెట్టరు. అత్త పెట్టింది. గుర్రం తలెత్తబోయి ఎత్తలేకపోయింది. అత్త దాని ఎదురుగా మట్టిలో కూలబడింది.

"వాడు రాడే," అంది దాంతో. "రోజూ వొస్తన్నావు. ఎంతమందికి సెప్పాలి నేను? వాడు రాడు."

గుర్రం చెవి ఒకటి ఆవిడ వైపు తిరిగింది.

ఇంటికెళ్ళి గంజి తెమ్మని నన్ను పంపింది. నేను తెచ్చిన కుండలో చెయ్యి పెట్టి వేడి చూసి, దోసిలితో దాని మూతి దగ్గర పెట్టింది. తాగింది. ఎవరో చూసి రేవంతా చెప్పారు. మేపకూడదన్న పెద్దలు వచ్చి దూరంగా నిలబడ్డారు. కొడుకుని పోగొట్టుకున్న మనిషితో ఎవరూ ఏమీ అనలేకపోయారు. చీకటి పడ్డాక ఫౌజీ భయ్యా ఆకులు నూరి తెచ్చి పుండుకి కట్టాడు. అప్పుడూ ఎవరూ అడ్డు రాలేదు.

ఆ తరవాత అత్త రోజూ గంజి పట్టుకెళ్ళేది. ఎవరితోనూ ఆ మాట ఎత్తేది కాదు. గుర్రం లేచి నిలబడింది, నడిచింది, మళ్ళీ కూతకి కంచె దగ్గరికి వచ్చింది. శ్రావణం వచ్చింది. ఒక శుక్రవారం, గుర్రం వచ్చి నిలబడ్డ వేళకి, అత్త ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చి, ఎదురింటి అరుగు మీద గంప దించి ఊపిరి తీసుకుంటున్న పిన్నిని పిలిచింది.

"బండి కట్టు."

"ఏటప్పా?"

"కట్టమన్నాను. బజారుకెళ్ళాలి. ఉప్పయిపోయింది."

పిన్ని మామ వైపు చూసింది. మామ వల బాగుచేసుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. పిన్ని బండి నిలబెట్టి గుర్రాన్ని కట్టింది. పలుపు ముడి రెండుసార్లు జారింది. వీధిలో జనం పోగయ్యారు. అత్త బండి పట్టె పట్టుకుని ఒక కాలు పెట్టింది. ఆగింది. ఆవిడ గుర్రం వీపు వైపు చూసి, అందరికీ వినబడేలా అంది:

"నిన్ను సెమించీలేదు నేను. ఉప్పు కోసం ఎల్తన్నాను."

ఎక్కి కూర్చుంది. పిన్ని పక్కన నడుస్తూ పగ్గం పట్టుకుంది. బండి కదిలింది. ఎత్తు రోడ్డు మలుపులో కనబడకుండా పోయేదాకా అత్త వెనక్కి తిరగలేదు. రేవు పెద్దల్లో ఆ ముసలాయన తలకి చుట్టిన గుడ్డ తీసి, దులిపి, మళ్ళీ కట్టుకున్నాడు. "అయిపోనాది," అన్నాడు. కన్నతల్లి ఎక్కింది కాబట్టి పిన్ని చేపలు ఇక నెత్తిన మోయనక్కర్లేదని దాని అర్థం.

ఇంట్లో ఉప్పు కుండ నిండా ఉంది. ఆ సోమవారమే నేను నింపాను. అత్త తెచ్చిన ఉప్పు పొట్లం పక్కన పెట్టాను.

తరవాతి జనవరిలో గండి పూడ్చారు. ఇసుక పోశారు. మామ కమిటీతో కలిసి మైదానం అంతా నడిచాడు, ప్రతి చోటా మడమతో నొక్కి చూశాడు. సాబ్ విసుక్కుంటూ వెనకాల వచ్చాడు. ఇంకొక ఏడాది వాన తడి ఆరలేదని మామ వద్దంటే పందెం నిజంగానే ఆగింది. జనం తిట్టారు. ఆయన తిట్లు తిన్నాడు. పందెం జరిగిన ఏడాదుల్లో ఆయన ఆ మలుపు దగ్గర నిలబడేవాడు, పరుగుకి వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ. గెలిచింది ఎవరో నేను చెప్తే తప్ప ఆయనకి తెలిసేది కాదు. చుక్క గుర్రం మళ్ళీ పరిగెత్తలేదు. పిన్ని బతికినన్నాళ్ళూ ఆవిడ బండి మాత్రం లాగింది. రోడ్లు పడి, లారీలు, బస్సులు వచ్చాక గుర్రాలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి పోయింది అదే.

అది పోయాక కూడా అత్త మిల్లు కూతకి కంచె కర్ర మీద పిడికెడు అన్నం పెడుతూ ఉండేది. కాకులు తినేవి. అత్త పోయిన మర్నాడు కూత కూసింది. ఇల్లంతా చుట్టాలు. నేను లేచి, మరిది కంచంలో కాస్త అన్నం వేసుకుని వెళ్ళి కంచె మీద పెట్టాను. మా ఆయన చూశాడు. ఎవరికని అడగలేదు.

ఇప్పుడు నేనుండేది గరాచర్మలో, మనవడి కొత్త ఇంట్లో. ఇక్కడికి చాతం మిల్లు కూత వినిపించదు. ప్రహరీ గోడ సిమెంటుది. మధ్యాహ్నం ఆ వేళకి చేస్తున్న పని ఆగుతుంది. మనవరాలు చూసి, "క్యా హువా నానీ, ఏమైంది, ఏం వింటున్నావ్?" అని అడుగుతుంది.

రోడ్డు మీద పోయే బస్సు చప్పుడు దాటేదాకా ఆగి, మళ్ళీ పనిలో పడతాను. గోడ మీద పెట్టిన అన్నం సంగతి ఆ పిల్ల ఇంకా గమనించలేదు.